ఎడ్వర్డు జెన్నరు శిష్యరికము

మా పాఠశాలలోని పై తరగతులయందు వైద్యవిద్య నభ్యసింపగోరు విద్యార్థులు ప్రతి సంవత్సరమును కొందరుందురు. వేసవి సెలవులు సమీపించినప్పుడు వారిలో నొకరిద్దరు మా యొద్దకు వచ్చి, ఆసుపత్రిలో వైద్యుల చెంత నిలిచి పని చూచుటకు వీలు కలుగునా యని యడుగుచుందురు. ఆ మాట వినినతోడనే తల్లిదండ్రులు మా యొద్దకు వత్తురు. పదునాలుగు పదునైదేండ్ల పిల్లవానిని రోగుల నడుమకు పంపుట క్షేమమా, ప్రవేశపరీక్షకు జదువుకొనవలసిన దినములు వ్యర్థము కావా యని వారి శంక. కొన్ని దేశములలో ఉన్నతపాఠశాల విద్యార్థులను సెలవుదినములలో ఆసుపత్రులందును వైద్యపరిశోధనశాలలందును కొన్ని వారములపాటు చేర్చుకొని పని చూపెడి పద్ధతి కలదు. ఇది క్రొత్తగా బుట్టిన యాచారమని పలువురి తలంపు. కాని రెండువందల యేబది యేండ్ల క్రిందట ఇంగ్లండులోని పల్లెటూళ్లలో వైద్యుడగుటకు ఇదియే దారి. ఆ దారిని నడచిన బాలుడొకడు మశూచికమును భూమిమీదనుండి తొలగించుటకు మార్గము చూపెను. కావున ఎడ్వర్డు జెన్నరు చరిత్రము నీ సంచికకై యెన్నుకొంటిమి.

ఈయన పేరు మన బాలబాలికలకు క్రొత్తది కాదు. అయినను చిన్న పుస్తకములలో పాలు పిదుకు పడుచొకతె వచ్చును, ఒక యావు వచ్చును, ఒక చిన్నవాడు వచ్చును. అంతటితో కథ ముగియును. నడుమ గడచిన సంవత్సరములు కానరావు. ఆ సంవత్సరములే మాకు ముఖ్యముగా దోచినవి.

జెన్నరు 1749వ సంవత్సరము మే నెల 17వ తేదీన గ్లాస్టరుషైరు మండలములోని బార్క్లీ యను చిన్న యూర జన్మించెను. తండ్రి స్టీఫెను జెన్నరు ఆ యూరి దేవాలయమునకు గురువు. తొమ్మండుగురు బిడ్డలలో ఎడ్వర్డు ఎనిమిదవవాడు. 1754లో, అతని కైదేండ్ల ప్రాయమున, తలిదండ్రులిరువురును గతించిరి. పెద్దన్నగారు, ఆయనయు గురువే, ఈ చిన్నవానిని సాకిరి.

ఆ కాలమున మశూచికమునకు భయపడని యిల్లు లేదు. మన గ్రామములలో పెద్దలు దానిని పేరుపెట్టి పిలువ వెరచి అమ్మవారనిరి. వేపమండలు గుమ్మమునకు గట్టి బిడ్డల ప్రాణములకై మ్రొక్కుకొనిరి. సోకినవారిలో నూటికి ఇరువది ముప్పదిమంది చనిపోవుచుండిరి. బ్రదికినవారిలో గొందరు కన్నులు గోలుపోయిరి. మొగముమీది గుంటలు మాత్రము దాదాపు అందరికిని మిగిలెను. ఒక్క విషయము మాత్రము అన్ని దేశములవారును గ్రహించిరి: ఒకమారు వచ్చి పోయినవానికి అది మరల రాదు. అందుచే రోగి పొక్కులోని చీమును కొంచెము తీసి ఆరోగ్యముగా నున్నవాని చేతిమీద గీరి ఎక్కించుచుండిరి. మన దేశమునను, చీనాయందును, తురుష్కదేశమునను ఈ పద్ధతి పూర్వమునుండి యుండెను. 1721లో మేరీ వర్ట్లీ మాంటేగు దొరసాని దానిని ఇంగ్లండులో ప్రచారము చేసెను. ఇట్లు చేయబడినవారిలో నూటికి ఇద్దరు ముగ్గురు మాత్రమే మరణించుచుండిరి. అది లాభమే, కాని ఎక్కించుకొన్నవాడు కొలదిపాటి రోగముతోనున్న దినములలో ఇరుగుపొరుగువారికి నిజమైన మశూచికము నంటింపవచ్చును. కనుక వారిని వేరుగా నుంచుచుండిరి.

జెన్నరు ఎనిమిదేండ్లవాడై యుండగా 1757 ప్రాంతమున అతనికి ఈ చికిత్స జరిగెను. ముందుగా కొన్ని వారములు నెత్తురు దీసిరి, విరేచనములకు మందిచ్చిరి, కడుపునిండ అన్నము పెట్టక చిక్కిపోవునట్లు చేసిరి. పిమ్మట చీము నెక్కించి, తోటి బాలురతోగూడ గుఱ్ఱపుసాలవంటి యొక కొట్టములో నుంచిరి. అతడు బ్రదికి బయటపడెను గాని చాలకాలము నిద్ర పట్టక, ఆకస్మికముగా చప్పుడైనచో నదరిపడుచుండెనని చరిత్రకారులు వ్రాసిరి. తల్లి లేని ఆ యెనిమిదేండ్ల పిల్లవానిని మన పాఠకులు మరువకుండురుగాక. వాని ప్రసంగము మరల వచ్చును.

చదువు వాటన్ అండర్ ఎడ్జి, సైరెన్‌సెస్టరు అను పట్టణములలోని పాఠశాలలలో సాగెను. పుస్తకములకంటె పొలముగట్లమీద అతనికి మక్కువ ఎక్కువ. చిట్టెలుకల గూళ్లును, రాళ్లలో నంటుకొనియున్న పూర్వకాలపు జంతువుల గుర్తులును ఏరి దాచుకొనుచుండెను. అన్నలు ఆక్సుఫర్డునకు బోయిరి. ఇతడు పోలేదు. పదుమూడు పదునాలుగేండ్ల ప్రాయమున చిప్పింగు సాడ్బరీ యను చిన్న పట్టణములో డేనియలు లడ్లో యను శస్త్రవైద్యుని యింట శిష్యుడుగా బ్రవేశించి, సుమా రేడేండ్లు అక్కడనే యుండెను.

శిష్యరికమన నేమో మన పిల్లలకు కొంచెము వివరింపవలెను. పిల్లవాని పెద్దలు వైద్యునికి సొమ్ము చెల్లించి ఒడంబడిక వ్రాసికొందురు. పిల్లవాడు గురువుగారి యింటనే భుజించి అక్కడనే నిద్రించును. మందులు నూరుట, సీసాలు కడుగుట, కట్లకు గుడ్డలు చింపి సిద్ధపరచుట, రాత్రివేళ పిలుపు వచ్చినచో లాంతరు పట్టుకొని గురువుగారి వెంట నడచుట, ఇవన్నియు వాని పనులు. మత్తుమందు ఆ కాలమున లేదు. ఈథరు వాడుక 1846లోగాని రాలేదు. శస్త్రము నడచుచుండగా రోగి కేకలు వేయుచుండును. శిష్యులు కాళ్లుచేతులు గట్టిగా పట్టుకొందురు. పదునాలుగేండ్ల పిల్లవాడు ఇట్టి దృశ్యములు చూచిన భయపడడా యని తల్లులు అడుగుదురు. భయపడును. అతనికి వైద్యుడగు యోగ్యత కలదో లేదో ఆ భయము గడచిన తరువాత తెలియును. ఎందరో పిల్లలు ఆ గుమ్మముననే వెనుదిరిగి మరియొక వృత్తిలో మేలు పొందిరి. అదియు లాభమే కదా. వైద్యకళాశాలలో చేరి రెండేండ్లు గడచిన పిమ్మట ఆ సంగతి తెలియుటకంటె ముందుగా తెలియుట మంచిదని మా యభిప్రాయము.

ఇక పాలు పిదుకు పడుచు ప్రసంగము. ఈ శిష్యరికపు దినములలో నొక పడుచు వైద్యశాలకు వచ్చి, తనకు ఆవుపొదుగు పొక్కులు పోసియున్నవి గనుక మశూచికము రాదని పలికెననియు, ఆ మాట జెన్నరు మనస్సున నాటుకొనెననియు జెప్పుదురు. కథ అందముగా నున్నది. మేమును తరగతులలో జెప్పియున్నాము. ఇటీవలి పరిశోధకులు దీనిని నమ్మరు. సమీపమున థారన్బరీ యను నూరిలో జాన్ ఫ్యూస్టరు అను శస్త్రవైద్యు డుండెను. 1768 ప్రాంతమున మశూచికపు చీము నెక్కించినను కొందరు పల్లెవారికి పొక్కు లేవకపోవుట జూచి, ఆయన విచారింపగా, వారికి అదివర కావుల పొక్కులు సోకినట్లు తెలిసెనట. ఆ సంగతిని ఆయన ఆ ప్రాంతపు వైద్యులతో ముచ్చటించెను. జెన్నరునకును వారితో పరిచయము గలదు. పడుచు కథకంటె ఇదియే మాకు నచ్చినది. పెద్దవైద్యులు మాటలాడుకొనుచుండగా ప్రక్కన నూరక నిలిచి వినిన కుర్రవానికి దొరకిన ధనమిది. పుస్తకములో ఆ సంగతి అప్పటికి లేదు.

1770లో, ఇరువదియొకటవ యేట, జెన్నరు లండనునకు బోయి జాన్ హంటరు నింట శిష్యుడుగా జేరెను. హంటరు సెయింటు జార్జి ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు. ఆయనకు విశ్వవిద్యాలయపు పట్టము లేదు. అన్నగారైన విలియము హంటరు నడుపు శరీరశాస్త్ర పాఠశాలలో సహాయకుడుగా జేరి, శవములను కోసి చూచి చూచి నేర్చినవాడు. ఇంటినిండ ఎముకలు, సీసాలలో నవయవములు. పట్టణము వెలుపలనున్న తోటలో నానావిధమృగములు. ఆసుపత్రిలో పగలు రోగులను జూచి, తెల్లవారుజామునను రాత్రివేళను ఈ గదులలో బనిచేయుచుండెను. శిష్యులు ఆ యింటిలోనే బస. ఆసుపత్రికిని పరిశోధనశాలకును నడుమ గోడ లేని యిల్లది. రోగి మంచమువద్ద పుట్టిన సందేహమును ఆ రాత్రియే కత్తి పట్టి చూచుకొనవచ్చును. జెన్నరు అక్కడ రెండేండ్లకు పైగా నుండెను. ఏడేండ్లు సాడ్బరీలో చేతిపని యలవడెను. ఈ యింట తానుగా ప్రశ్నించుట యలవడెను. మొదటిది లేకున్న రెండవది నిలుచునా యని మాకు సందేహమే.

1771లో కుక్కు దొర మొదటి సముద్రయానమునుండి మరలివచ్చెను. వెంటబోయిన జోసెఫు బాంక్సు తెచ్చిన చెట్లను జంతువులను సరిగా నమర్చుటకు సమర్థుడు కావలసివచ్చినప్పుడు హంటరు జెన్నరును పంపెను. పని బాగుండెను. రెండవ యాత్రకు రమ్మని పిలుపు వచ్చెను. ఇరువదిమూడేండ్ల పిల్లవానికి లోకమంతయు జుట్టివచ్చు నవకాశము! జెన్నరు దానిని వలదని, అన్నగారున్న బార్క్లీకి పోయి పల్లెవైద్యుడయ్యెను. గుఱ్ఱమెక్కి బురదదారులలో ఊరూర తిరుగు జీవనము. ఆయనకు వైద్యపట్టము లభించినది 1792లో, సెయింటు ఆండ్రూసు విశ్వవిద్యాలయమునుండి. అప్పటికి రమారమి యిరువదియేండ్లు రోగులను జూచియుండెను.

గురుశిష్యుల సంబంధము ఉత్తరములలో సాగెను. ముండ్లపందులు శీతకాలమంతయు నిద్రించునప్పుడు వాని దేహముల వేడిమి యెంత యుండునో కొలిచి పంపుమని హంటరు వ్రాయుచుండెను. ఉష్ణమాపకమును గూడ పంపెను. 1775లో నొకమారు జెన్నరు ఏదో విషయమును గూర్చి తన యూహను వ్రాసి పంపగా, ఊహ సరియైనదే కావచ్చును, కాని ఊహించుచు గూర్చుండనేల, చేసి చూడరాదా యని గురువు మందలించెను. ఇంగ్లీషువారి వైద్యచరిత్రములో నీ యుత్తరము ప్రసిద్ధము. శిష్యుడు గురువునింటిని విడిచి మూడేండ్లయినను పాఠము ముగియలేదని మాకు దీనివలన దోచును.

హంటరు ప్రేరణచేతనే జెన్నరు కోకిలలను గూర్చి విచారింపసాగెను. మన కోయిల కాకిగూటిలో గ్రుడ్లు పెట్టుట అందరెరిగినదే. ఆ దేశపు కోకిల మరికొన్ని చిన్న పిట్టల గూళ్లలో బెట్టును. కొంతకాలమునకు ఆ గూటిలో కోకిలపిల్ల తప్ప మరేమియు మిగులదు. సొంతపిల్లలను పెంపుడుతల్లియే త్రోసివేయునని జెన్నరు మొదట తలచి అట్లే వ్రాసి రాయలు సొసైటీకి పంపెను. తన శిష్యుడును అన్నకుమారుడునైన హెన్రీ ఈ విచారణలో ఆయనకు దోడు. అనగా గూళ్లు కావలికాయుట చాలవరకు ఒక కుర్రవాని పని. 1787 జూను నెలలో జెన్నరు ఒక గూటిని కనిపెట్టి చూడగా, కన్నులైన తెరవని కోకిలపిల్ల తన వీపుమీది గుంటలో పిట్టపిల్ల నెత్తుకొని, గూటి యంచుదాక వెనుకకు ప్రాకి, క్రింద బడద్రోసెను. ఆయన వెంటనే తాను పంపిన వ్రాతను వెనుకకు దీసికొని తిరుగ వ్రాసెను. అది 1788లో అచ్చుపడెను; మరుసటి యేడు ఆయన ఆ సొసైటీలో సభ్యుడయ్యెను. కోకిలపిల్ల ఇంత పని చేయజాలదని నవ్వినవారు చాలకాల ముండిరి. ఛాయాచిత్రములు వచ్చిన పిమ్మట జెన్నరు చూచినదే నిజమని తేలెను. లెక్కలో తప్పు దిద్దుకొనుటకు సిగ్గుపడు మా విద్యార్థులకు ఈ సంగతిని పలుమార్లు చెప్పుచుందుము.

ఆవుల పొక్కుల సంగతి ఈ సంవత్సరములన్నిటిలోను ఆయన మనస్సున నుండెను. పాడిపశువులవద్ద పనిచేయువారిని అడిగి, ఎవరికి ఎప్పుడు ఆ పొక్కులు పోసినవో, తరువాత మశూచికము సోకెనో లేదో, వ్రాసికొనుచుండెను. 1774లోనే డార్సెట్టు మండలములో బెంజమిను జెస్టీ యను రైతు ఆవు పొక్కులోని రసమును తన భార్యకును ఇద్దరు కుమారులకును ధైర్యముగా నెక్కించెను. కాని రైతు దానిని లోకమునకు వ్రాసి చూపలేదు. మరల మరల పరీక్షింపలేదు. కనుక మొదట చేసినవాడు జెన్నరు కాడు. పరీక్షించి, వ్రాసి, అందరికిని పంచినవాడు జెన్నరు.

1796 మే 14వ తేదీన సారా నెల్మ్స్ అను పాలు పిదుకు పడుచు చేతిమీది పొక్కునుండి రసము దీసి, జేమ్సు ఫిప్స్ అను బాలుని చేతిపై రెండు చిన్న గాట్లు పెట్టి ఎక్కించెను. ఈ బాలుడు కూలివాని కొడుకు. తండ్రి జెన్నరు తోటలో పనిచేయుచుండెను. వాని ప్రాయము ఎనిమిదేండ్లు. కొలదిగా జ్వరము, చలి, తలనొప్పి కలిగి, పదవ దినమునకు స్వస్థత చిక్కెను. జూలై 1వ తేదీన జెన్నరు నిజమైన మశూచికపు చీమును వానికి ఎక్కించెను. రోగము రాలేదు.

ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల మా మనస్సు నిలకడగా నుండదు. ఎనిమిదేండ్ల ప్రాయమున కొట్టములో బాధపడిన బాలుడే పెద్దవాడై మరియొక యెనిమిదేండ్ల బాలుని చేయి పట్టుకొనెను. మశూచికపు చీము నెక్కించుట ఆ దేశమున వాడుకలోనున్న చికిత్సయే గనుక జూలైలో చేసినది ఆనాటివారికి క్రూరముగా దోచలేదు. ఆవు పొక్కులవలన ప్రాణహాని లేదని ఆయన చాలకాలముగా చూచియుండెను. అయినను పేదవాని బిడ్డడు. కాదనుటకు వానికిగాని వాని తండ్రికిగాని ఎంత వీలుండెనో ఊహింపవచ్చును. నేడు ఏ పిల్లవానిమీదను ఇట్లు పరీక్ష జరుపరాదు: తలిదండ్రుల అంగీకారమును, నియమితసభవారి యనుమతియును కావలెను. మన విద్యార్థులు ఏ యాసుపత్రికి పోయినను, అనుమతి లేక రోగిని తాకరాదనియు, ఒకని రోగమును గూర్చి వెలుపల పలుకరాదనియు మొదటి దినముననే చెప్పుదురు. ఈ నియమములు ఊరక పుట్టినవి కావు. జెన్నరును మేము గౌరవింతుము. ఈ సంగతిని కప్పిపుచ్చి గౌరవింపలేము.

ఒక్క బాలునిమీది ఫలితము చాలదని రాయలు సొసైటీవారు 1797లో ఆయన వ్రాతను స్వీకరింపలేదు. అందు న్యాయమున్నది. రెండవమారు ఆవులకు పొక్కులు వచ్చుట 1798 వసంతకాలముననే. అప్పుడు మరికొందరు పిల్లలపై పరీక్షించెను. పదునొకండు నెలల తన కుమారుడు రాబర్టు కూడ వారిలో నుండెను. ఆ సంవత్సరమే ఇరువదిమూడు దృష్టాంతములతో గ్రంథము ప్రకటించెను. లాటినుభాషలో ఆవునకు వాక్కా యని పేరు. దానినుండియే వాక్సీను అను మాట పుట్టినది. పరిహసించినవారు లేకపోలేదు. టీకా వేయించుకొన్నవారి యొడలినుండి ఆవులు మొలచుచున్నట్లు గిల్రే యను చిత్రకారుడు 1802లో వికటచిత్రము వ్రాసెను.

అయినను ఆ రసము సముద్రములు దాటెను. మంచుపెట్టెలు లేని ఆ కాలమున దానిని దూరదేశములకు జేర్చుట కష్టము. ఒక బిడ్డ చేతినుండి మరియొక బిడ్డ చేతికి ఎక్కించుచు కొనిపోవలసివచ్చెను. 1803లో స్పెయినువారు ఇరువదిమందికి పైగా అనాథబాలురను ఓడ నెక్కించి, ఒకరినుండి యొకరికి మార్చుచు అమెరికాకు జేర్చిరి. మన దేశమునకు బాగ్దాదు, బాస్రాల మీదుగా వచ్చెను. 1802 జూను 14వ తేదీన బొంబాయిలో మూడేండ్ల బాలిక ఆనా డస్టాలునకు మొట్టమొదట టీకా వేయబడెను. అక్కడనుండి పూనా, సూరతు, హైదరాబాదు, చెన్నపట్టణములకు బోయెను. తెలుగుదేశమునకు వచ్చిన టీకా ఆ చిన్నబిడ్డ చేతినుండి వచ్చినదే యనవచ్చును. కలకత్తా, బొంబాయి, చెన్నపట్టణములనుండి కొన్నివేల పౌనులు చందా వసూలై జెన్నరునకు కృతజ్ఞతగా బంపబడెను. ఇంగ్లండు పార్లమెంటువారు 1802లో 10,000 పౌనులును, 1807లో 20,000 పౌనులును ఇచ్చిరి. ఆయన మాత్రము లండనులో నిలువక బార్క్లీలోనే యుండి, తోటలోని పూరికప్పు గల చిన్న కుటీరములో పేదలకు ఉచితముగా టీకాలు వేయుచుండెను.

ఆయన నమ్మికలన్నియు నిజము కాలేదు. ఒకమారు వేసిన టీకా జన్మమంతయు కాపాడునని తలచెను. కొన్నియేండ్లకు మరల వేయవలసియుండునని తరువాతివారు కనుగొనిరి. రోగమునకు మూలమైన సూక్ష్మజీవిని ఆయన ఎరుగడు. మన దేశమున చివరి మశూచికరోగి 1975లో కనబడెను. 1980 మే 8వ తేదీన ప్రపంచారోగ్యసంస్థవారు భూమిమీద మశూచికము లేదని ప్రకటించిరి. మా తలిదండ్రుల చేతులమీద ఆ టీకా మచ్చలున్నవి. మా తరమువారి భుజములమీద నున్నది క్షయ టీకా మచ్చ. మశూచికపు టీకా మాకు వేయవలసిన యవసరమే లేకపోయెను.

1823 జనవరి 26వ తేదీన పక్షవాతముచే జెన్నరు బార్క్లీలో మరణించెను. తండ్రి గురుత్వము చేసిన దేవాలయములోనే సమాధి చేసిరి. శవము వెంట నడచినవారిలో జేమ్సు ఫిప్స్ ఉండెను. అప్పటికి వాడు ముప్పదియైదేండ్ల కాపురస్థుడు. అద్దె లేక నివసించుటకు జెన్నరు వానికొక చిన్న యిల్లిచ్చి, దాని తోటలో గులాబి మొక్కలను తన చేతులతోనే నాటెనని చెప్పుదురు. ఫిప్స్ 1853లో చనిపోయెను. అతనిని కూడ ఆ దేవాలయపు ఆవరణలోనే పాతిపెట్టిరి.